జొన్నచేనుకు కట్టిన పాటలు

మా నాయన చెయ్యెత్తి ఎవరినీ కొట్టి ఎరుగడు. అందుకే జహీరాబాద్‌లో తెలిసినవాళ్ళంతా ఆయన్ని దేవుడనేవారు. కొట్టి వదిలేసే తండ్రులున్న పిల్లల్ని చూసి నేనూ అన్నా కుళ్ళుకునేవాళ్ళం.

అన్న ఇంటర్ తప్పిన ఏడాది, బొంబాయి హైవే మీది ధాబాలో ఒక లారీ డ్రైవరు అతనికి ఓ క్యాసెట్ ఇచ్చాడు. "గీ ఇంగ్లీషు లొల్లి నాకెందుకు, నువ్వే ఉంచుకో" అన్నాడట. అట్ట మీద జుట్టు పెంచుకున్న తెల్లవాళ్ళు, చేతుల్లో గిటార్లు. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా మొదటి పాటలో గిటారు మొదలవగానే నా ఒళ్ళు జలదరించేది. అన్న కళ్ళు మూసుకునేవాడు. సినిమా పాటలు వచ్చేవి, పోయేవి. ఇది మాత్రం విన్నకొద్దీ ఇంకేదో బయటపెట్టేది. వెనకాల డ్రమ్ము కొట్టేవాడు ఎక్కడ ఆగుతాడో కనిపెట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాం. మూడో పాట దగ్గర ఒకసారి రీలు టేప్ రికార్డర్లో చుట్టుకుని నలిగింది. అన్న పెన్సిల్ పెట్టి తిప్పి సరిచేశాడు కానీ, ఆ చోటికి రాగానే పాడేవాడి గొంతు బరువెక్కి సాగి, మళ్ళీ గబుక్కున పరుగెత్తేది. మాకు ఆ పాటంటే అదే.

ఆ చలికాలం మొగుడంపల్లి దారిలో ఉన్న మా జొన్నచేను పాలకంకి మీదుంది. పిట్టల్ని తోలడానికి నాయన అన్నను మంచె మీద కూర్చోబెట్టాడు. అన్న రాళ్ళు విసిరే ఒడిసెలతో పాటు టేప్ రికార్డర్ కూడా పట్టుకెళ్ళాడు. పాటల చప్పుడుకు పిట్టలు రావని అతని నమ్మకం. పిట్టలకు ఆ పాటలు బాగానే నచ్చాయి. నాయనా నేనూ వెళ్ళేసరికి గట్టు పొడవునా కంకులు బోసిగా ఉన్నాయి, అన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు.

నాయన నవ్వాడు. చేనుకు రీలు కడదామన్నాడు.

చెడిపోయిన క్యాసెట్ల రీలు లాగి చేనుకు కట్టడం మా వైపు అందరూ చేసేదే. ఎండకు మెరుస్తుంది, గాలికి జుయ్యిమంటుంది, పిట్టలు బెదిరిపోతాయి. ఇంట్లో పాడైన భజన క్యాసెట్లు సంచెడు ఉన్నాయి. పరుగెత్తి తెస్తానన్నాను.

"అవెందుకు బిడ్డా, దేవుని పాటలు. గిదే మంచిగుంటది" అని నాయన అన్న చేతిలో ఆ క్యాసెట్టే పెట్టాడు. "పిట్టలు రావంటివి గద. గుంజు."

అన్న గుంజాడు. కర్రకూ కర్రకూ మధ్య మెలి తిప్పి తనే కట్టాడు. ఒకచోట వదులైతే నాయన ఓపిగ్గా విప్పించి మళ్ళీ కట్టించాడు. కాసేపటికి గాలి లేచి చేనంతా జుయ్యిమంది.

"ఇగ పొద్దుమాపు విను. నిన్నెవరొద్దన్నరు?" అన్నాడు నాయన.

అన్న ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. కోతలయ్యేదాకా రోజూ ఆ మోత కిందే కూర్చున్నాడు, మళ్ళీ ఎప్పుడూ పాటల ఊసెత్తలేదు. నాయన పోయినప్పుడు "మంచోడు" అని వచ్చినవాళ్ళంటుంటే అన్న కూడా తలూపాడు. నాకు ఒళ్ళు మండి లోపలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు అన్న జొన్న మానేసి అల్లం వేస్తున్నాడు. నిరుడు ఆ పాటలన్నీ నా ఫోన్లో దొరికితే, డిగ్రీ చదివే అతని కూతురికి వినిపించాను. "అత్తా, గివి మా కాలేజీల అందరు వింటరు!" అంది. అప్పటినుంచి దానికి అవే పాటలు. పోయిందనుకున్నది దీనికి చేరిందని నాకు చెప్పలేనంత సంతోషం. ఎప్పుడో ఒకప్పుడు అన్న చెవిన కూడా పడుతుందని, దాంతో మనిషి కాస్త మెత్తబడతాడని ఆశపడ్డాను.

ఈ వేసవిలో ఇంటి ముందు విత్తనపు అల్లం ఏరుతున్నాం. కుళ్ళు తగిలిన కొమ్ము ఒక్కటి మంచివాటిలో కలిస్తే బస్తా మొత్తం పోతుంది. పిల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తలాడిస్తూ ఏరుతోంది. అన్న పిల్ల ఏరిన మంచి కుప్పలోంచి ఒక కొమ్ము తీసి బొటనవేలితో నొక్కాడు. వేలు దిగబడింది.

నవ్వాడు. అచ్చం నాయన నవ్వే.

పిల్ల చెవిలోంచి ఒక ఇయర్‌ఫోను తీసి తన చెవిలో పెట్టుకున్నాడు. గుర్తుపట్టాడు. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. కూతురి పక్కన కూర్చుంటాడేమోనని నేను కాస్త జరిగి చోటిచ్చాను. పాట అయిపోయేదాకా నిలబడి విన్నాడు. తర్వాత కొమ్ములు కోసే కత్తి తీసి పిల్ల చేతికిచ్చాడు.

"వైరు కొయ్యి."

"నాయినా, జర..."

"బస్తా మూతి కట్టనీకి సుతిలి లేదు. కొయ్యి బిడ్డా. నిన్నెవరన్న కొడుతున్నరా?"

సుతిలి ఉండ నా మోకాలి పక్కనే ఉంది. ఎత్తి చూపించాను. "అన్నా, ఇవి గా పాటలే గదనే" అన్నాను.

"నాకెర్క లేదా?" అన్నాడు.

పిల్ల కోసింది. ఆ వైరుతో తనే బస్తా మూతి కట్టింది. వదులుగా ఉందని విప్పించి మళ్ళీ కట్టించాడు. నాయన మీద కూడా నాకంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

అన్న బస్తా భుజానికెత్తుకుని షెడ్డు వైపు నడుస్తూ ఈల వేశాడు. మూడో పాట. రీలు నలిగిన చోటికి రాగానే బరువుగా సాగదీసి, గబుక్కున పరుగెత్తించాడు. ఒక్క పిసరు తప్పలేదు.

పిల్ల కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది.

"నాయినకు పాట సక్కగ రాదు గదా అత్తా?"

"రాదు" అన్నాను.