దానియేలు సార్ అడిగిన ఎనిమిది

జూన్ మొదటి వారం, ఉదయం ఆరింటికి కరీంనగర్ బస్టాండులో మెట్‌పల్లి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చింది. ఒళ్లో సంచి, అందులో చక్రాల స్కేట్లు. ఏడాదిన్నరగా వాటిని ముట్టుకోలేదు.

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోన్. చేసింది దానియేలు సార్, మిషన్ బడిలో నాకు ఆట నేర్పిన మాస్టారు. రిటైరయ్యాక ఆదిలాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. "ఆట ఇడిసినవట, నిజమేనా బిడ్డా?" అన్నారు. "వచ్చి చెప్త సార్" అని పెట్టేశాను.

ఎనిమిదేళ్ల వయసులో బడి హాలు గచ్చు మీద నా కాళ్లకు చక్రాలు కట్టింది ఆయనే. పదిహేడేళ్లకు ఉత్తరాదికి పోయి మంచు మీద ఫిగర్ స్కేటింగ్ నేర్చుకున్నాను. జాతీయ పోటీల్లో రెండుసార్లు పతకం వచ్చింది. మూడోసారి, గాలిలో రెండు చుట్లు తిరిగి దిగుతుంటే కుడి మోకాలు మడత పడింది. ఆపరేషన్ తర్వాత డాక్టరు జారొచ్చు గానీ ఎగరొద్దన్నారు. ఎగరకుండా గెలిచే పోటీ లేదు.

పక్క సీటామె సంచి వైపు చూసి "గవేంది?" అని అడిగింది. చక్రాల స్కేట్లని, వీటితో మొదలుపెట్టి మంచు మీద ఆడేదాన్నని చెప్పాను.

"మా ఆయన దుబాయిల ఉంటడు. గాడ మాల్‌ల మంచు మీద జారేటోళ్ల వీడియో పంపిండు. గా ఎండల మంచేందో, కలల చూసినట్టే ఉండె" అంది.

ఎనిమిదింబావుకు మెట్‌పల్లిలో ఇడ్లీ తిని ఆర్మూరు బస్సెక్కాను. అక్కడ మారి నిర్మల్ వైపు. సోన్ వంతెన మీద కునుకు పట్టింది. కళ్లు తెరిస్తే కింద గోదావరి కదలకుండా, తెల్లగా, ఎవరూ అడుగు పెట్టని మంచు రింకులా కనిపించింది. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డులో సన్నని వాన. మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఒంటిగంటన్నరకు ఆదిలాబాద్‌లో దిగాను.

సార్ చిక్కిపోయారు. షుగరుతో చూపు బాగా తగ్గింది. అన్నాలయ్యాక, నేను నోరు తెరిచేలోపే చేతికర్ర అందుకున్నారు. "చక్రాలు తెచ్చినవా? నడువు."

నాలుగింటికి ఊరి చివర, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుకు వెళ్లాం. పత్తి రాని కాలం, షెడ్డంతా ఖాళీ. సార్‌కు తెలిసిన కాపలాదారు "యా, యా బాయీ" అంటూ మరాఠీలో లోపలికి రమ్మని పిలిచి, నున్నటి గచ్చు ఊడ్చి పెట్టాడు. ఎంత ఊడ్చినా మూలల్లోని దూది పింజలు గాలికి లేస్తూనే ఉన్నాయి.

"ఎనిమిది వెయ్యి" అన్నారు సార్, స్టూలు మీద కూర్చుంటూ. ఎనిమిది అంకె ఆకారంలో రెండు గుండ్రాలు, ఒక్కో కాలి మీద ఒకటి. ఆయన నేర్పిన మొదటి పాఠం.

మొదటి గుండ్రంలో కుడి కాలి మీద బరువు వేయలేక ఎడమ కాలు నేలకు ఆనించాను. రెండో దానికి ఒంట్లో భయం కాస్త సడలింది. నాలుగో ఎనిమిదికి షెడ్డు, బయటి సన్నని వాన, నా వయసు అన్నీ దూరమయ్యాయి. చుట్టూ దూది తేలుతోంది. తెలియకుండానే కాలు లేచింది. చిన్న ఎగురు, సగం చుట్టు. దిగాను. పడలేదు.

సార్ తల పక్కకు వంచి వింటున్నారు. "ఎడమ చుట్టుకు తొందరపడ్డవ్. చక్రం సప్పుడు మారింది. మళ్లోసారి."

సార్ ముందుకు జారి ఆగాను. "సార్, నేను పోటీలు ఇడిసిన."

"నాకెరుకే. గిప్పుడు మార్కులేసేటోళ్లెవరు లేరు గద. మళ్లోసారి."

చీకటి పడేదాకా వేశాను.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, మర్నాడు ఏడు గంటల బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాను. అటు వెళ్లేవాళ్లు ఘాట్‌లో కిటికీ పక్క సీటు పట్టండి, వానాకాలమైతే ఇంకా మంచిది. నేను మాత్రం ఆ దారంతా మోకాలు పట్టుకుని కూర్చున్నాను. బాగా నొప్పి పెడుతోంది. పడినప్పటి నొప్పి కాదు. సాధన చేసిన మర్నాడు వచ్చే నొప్పి. దాన్ని ఇంత ఇష్టపడతానని ఆ రోజు దాకా నాకు తెలియదు.