పాత ఏడాదిలో అక్క, కొత్త ఏడాదిలో చెల్లెలు

ఇద్దరూ కవలలే. కానీ అక్క డిసెంబరు చివరి రాత్రి హడావిడిగా పుట్టేస్తే, చెల్లెలు తీరుబడిగా కొత్త ఏడాదిలోకి అడుగుపెట్టింది. ఆ కాస్త తేడాకే అక్క జీవితమంతా పెద్దరికం వెలగబెట్టింది. ఇరుకు గదిలో రెండు కుట్టుమిషన్లు ఎదురెదురుగా వేసుకుని, వీధిలోవాళ్ళకి కోట్లూ గౌన్లూ కుట్టి బతికారు. ఒకరికి చెప్పులు కొంటే రెండోవాళ్ళకీ కొనాల్సిందే. చిన్నప్పటినుంచీ అదే పద్ధతి.

ఈసారి అది తప్పేలా ఉంది. పన్ను కాగితాలు దాఖలు చేయించుకోవడానికి ఇద్దరూ పన్నుల ఆఫీసుకి వెళితే, గుమాస్తా పుట్టిన తేదీలు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"అమ్మా, డిసెంబరు ముగిసేలోగా అరవై అయిదు నిండినవాళ్ళకి పన్నులో తగ్గింపు ఉంది. కట్టినదాంట్లో కొంత మీకు వెనక్కొస్తుంది. మీ చెల్లెలికి మాత్రం వచ్చే ఏడాదే."

"అయితే నాకూ వచ్చే ఏడాదే ఇవ్వండి," అంది అక్క.

"అలా కుదరదమ్మా. ఈ ఏడాదిది ఇప్పుడే అడగాలి."

"అడగను. దానికి రానిది నాకెందుకు?"

నిజానికి ఆ డబ్బు ఆమెకి అవసరమే. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, డబ్బు చాలక ఆపరేషన్ వాయిదా వేస్తూ వస్తోంది. చెబితే చెల్లెలు తను దాచుకున్నదంతా ఊడ్చి ఇచ్చేస్తుందని గుట్టుగా ఉంచింది. చూపు తగ్గినా చెయ్యి తప్పలేదని, బట్టలు తీసుకెళ్ళినవాళ్ళెవరూ వంక పెట్టలేదని లోలోపల మురిసిపోయేది కూడా. పిచ్చితల్లి!

చెల్లెలు బల్ల మీద చెయ్యి వేసింది. "రాసేయండి సార్. దీని మాట పట్టించుకోకండి."

"ఏమే, నోరు లేస్తోంది?"

"లేవదా మరి? కిందటి చలికాలం నుంచీ నీ కుట్లు వంకరపోతున్నాయి అక్కా. నువ్వు వంటింట్లోకి వెళ్ళగానే అవన్నీ విప్పి మళ్ళీ కుడుతున్నది ఎవరనుకున్నావు? నా వల్ల కావట్లేదే. ముందు ఆ కళ్ళు బాగుచేయించుకో."

అక్కకి ముందు సిగ్గేసింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తన పరువు కాపాడింది తన చెయ్యి కాదు, ఎదుటి మిషన్ మీద కూర్చున్న చిన్నదే.

గుమాస్తా కాగితం ముందుకు జరిపాడు. అక్క పెన్ను తీసుకుని, చెల్లెలి వైపు తిరిగింది.

"సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించవే. నాకు కనబడటం లేదు."