చేతులెత్తి నిలబెట్టిన కంచె

ఆ రోజుల్లో నాకొక గట్టి అభిప్రాయం ఉండేది. ప్రార్థనతో మొదలుపెట్టిన పనికి వేరే జాగ్రత్తలు అక్కర్లేదని. ఆ అభిప్రాయంలో మొదటి సగాన్ని, అంటే ప్రార్థనతో మొదలుపెట్టడాన్ని, ఇప్పటికీ వదల్లేదు. రెండో సగం మాత్రం మా ఇంటి పక్క మట్టిలోనే ఉండిపోయింది. అప్పటికి నేను చదువు ముగించి, హొసకోటెలో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా చర్చి సంఘంలో యౌవనస్థుల కూటానికి కార్యదర్శిని కూడా. ఆదివారం పాటల పుస్తకాలు పంచేవాణ్ణి, సండేస్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, నాకు చేతకాని పని లోకంలో ఏదైనా ఉందా అని అప్పుడప్పుడు ఆలోచించి, లేదనే తేల్చుకునేవాణ్ణి. ఆ వయసులో మనకు తెలియనిది ఎంత ఉందో మనకు తెలియదు గనుక నిద్ర బాగా పట్టేది.

మా అమ్మ నర్సు. పెళ్లయి ఆంధ్ర నుంచి బెంగళూరు వచ్చిన దగ్గర్నుంచీ ఆస్పత్రి క్వార్టర్సులోనూ అద్దె ఇళ్లలోనూ బతికిన మనిషి. సొంత మట్టి అంటే కిటికీ గట్టు మీద పాత డబ్బాల్లో ఉండే మట్టే. మా సంఘంలో ఏటా కోతపండుగ చేస్తారు. ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడితే, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘం పనులకు పోతుంది. పెరడు లేనివాళ్లు మార్కెట్టులో కొని తెస్తారు. అమ్మ ఏళ్ల తరబడి కొన్న కాయలే మోసుకెళ్లింది. "అంగట్లో కొనుక్కొచ్చి పెడితే అది అంగడివాడి పంట అవుద్ది గానీ నా పంట ఎట్టా అవుద్దిరా" అని ప్రతి ఏడూ దారిలో అనేది. అలాంటిది, చివరికి హొసకోటె దారిలో, ఒకప్పటి చెరువు అంచున వేసిన లేఔట్లో మాకొక చిన్న ఇల్లు కుదిరింది. ఇంటి పక్కన నాలుగు పాదులు తవ్వుకునేంత జాగా. అమ్మ ఆ జాగాలో మోకాళ్లూని గుమ్మడి గింజలు పెట్టింది. తీగ వచ్చింది. దాని వెనకే పక్కింటి మేకలు వచ్చాయి.

పక్కింటి అవ్వది తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. మాది నిన్నగాక మొన్న వచ్చిన తెలుగు. ఆవిడ మాటల్లో కన్నడం, మా మాటల్లో ఇంగ్లీషు కలిసి, మధ్యలో ఉన్న తెలుగుతో నెట్టుకొచ్చేవాళ్లం. ఆవిడ మేకలు ఆవిడ మాట వినేవి కావు, కంటబడిందల్లా తినేవి. మొదటి తీగను తిన్నాయి. అమ్మ మళ్లీ గింజలు పెట్టింది, అదీ తిన్నాయి. ఇంకోసారి పెట్టి, "కోతపండుగ నాటికి కాయ చేతికి రావాలంటే ఇదే ఆఖరుసారిరా" అంది. పక్కింటికి వెళ్లి ఒక మాట చెప్పొచ్చు కదా అని మీరు అడగవచ్చు. మాకు ఆ ఆలోచన రాలేదు. ఇరుగుపొరుగుతో మాట పెంచుకోకూడదు అన్నది అమ్మ సిద్ధాంతం. అందుకని బుధవారం గృహకూటంలో ప్రార్థన విన్నపంగా మేకల సంగతి పెట్టింది. (తీర్పునాడు గొర్రెలను కుడిపక్క, మేకలను ఎడమపక్క నిలబెట్టి, మేకలను శపిస్తారని లేఖనాల్లో చదివినవాళ్లు కావడంతో, ఆ ప్రార్థన అవసరానికి మించిన ఉత్సాహంతో సాగింది.)

ఆ కూటంలోనే కంచె మాట పుట్టింది. పుట్టించింది మా సంఘ పెద్ద ఒకాయన. ఏ వాక్యం మొదలుపెట్టినా ముందు "స్తోత్రం" అనేవారు గనుక మేము చాటుగా స్తోత్రం అంకుల్ అనుకునేవాళ్లం. "స్తోత్రం, తమ్ముడూ, ముళ్లకంచె మాత్రం వద్దు. ముళ్లు శాపానికి గుర్తు. ఇనుము పెడితే తుప్పు. ఇప్పుడు వినైల్ అని ప్లాస్టిక్ కంచె వస్తా ఉంది, తెల్లగా ఉంటది, సున్నం కొట్టే పని లేదు, చెద పట్టదు" అన్నారు. తెల్లగా ఉంటుందన్న మాటకు అమ్మ కళ్లు మెరిశాయి. నగర్తపేటలో తెలిసిన కొట్టు ద్వారా ఆయనే సరుకు తెప్పించారు. గుంజలు, అడ్డపట్టీలు, నిలువు పలకలు అన్నీ బోలుగా, పిల్లల ఆటవస్తువుల్లా ఒకదాన్లో ఒకటి దూరేలా ఉన్నాయి. పనివాళ్లను పెడదామని అమ్మ అంటే, యౌవనస్థుల కూటం ఉండగా పనివాళ్లు ఎందుకని నేనే అడ్డుపడ్డాను. (నాన్న ఈ కథలోకి రారు. ఆయన పొద్దున్నే దొడ్డబళ్ళాపురం బస్సెక్కి పనికి వెళ్లి, చీకటి పడ్డాక వచ్చి, ఆ రోజు కంచె ఏ స్థితిలో ఉందో చూసి, చేతులు కడుక్కుని భోంచేసేవారు.)

మా మట్టి గురించి ఒక మాట చెప్పాలి. అది బంకమట్టి. ఎండాకాలంలో ఇటుక, వానాకాలంలో హల్వా. ఆ రెంటికీ మధ్య మనిషి మాట వినే రోజులు ఏడాదిలో కొన్ని ఉంటాయి, మేము ఆ రోజుల్లో పని పెట్టుకోలేదు. మే నెలలో ఒక శనివారం కూటం కుర్రాళ్లంతా గడ్డపారలతో దిగారు. మొదటి దెబ్బకే గడ్డపార ఠంగుమని ఎగిరి వెనక్కి వచ్చింది. "బ్రదర్, ఇది సాయిల్ కాదు, ఫ్లోరింగ్" అన్నాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడొకడు, అరచేయి చూసుకుంటూ. అవ్వ తన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మమ్మల్ని చూస్తోంది.

"ఏమప్పా, ఏమి తవ్వతా ఉండారు?"

"కంచె వేస్తున్నాం అవ్వా."

"కంచెనా? ఎందుకప్పా?"

మేకల పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఊరికే అవ్వా, అందానికి" అన్నాను.

"ఓ, అందానికా" అని ఆవిడ మమ్మల్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "చేసుకోండప్పా. ఎండ శానా ఉండాది, తలకి గుడ్డ కట్టుకోండి."

మోకాలి లోతు తవ్వాల్సిన గుంటలు పిక్కల దాకా వచ్చేసరికి మా బలం అయిపోయింది. మిగతా లోతు విశ్వాసంతో సరిపెడదామన్నాను. నేను నిజంగానే అలా అన్నాను, ఎవరూ నవ్వలేదు కూడా. తొందరగా గట్టిపడే సిమెంటు తెచ్చుకున్నాం, సాయంత్రానికి పని అయిపోవాలని. కాంక్రీటు కలిపి గుంటల్లో పోసి, గుంజలు నిలబెట్టి, గుంజకొకరు చొప్పున రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాం. దారానికి గుండు కట్టి వేలాడదీసి చూసుకుంటే అన్నీ నిటారుగానే ఉన్నాయి. సరిగ్గా ఆ సమయానికి తెల్ల చొక్కాతో, గొడుగుతో స్తోత్రం అంకుల్ వచ్చారు.

"స్తోత్రం, తమ్ముళ్లూ. ప్రతిష్ఠ ప్రార్థన చేసేద్దాం."

"కొంచెం ఆగి చేద్దామా అంకుల్, సిమెంటు పచ్చిగా ఉంది" అన్నాడు సాఫ్ట్‌వేర్ తమ్ముడు.

"పచ్చిగా ఉన్నప్పుడే దేవునికి అప్పగించాలి, బాబూ" అన్నారాయన. సాఫ్ట్‌వేర్ తమ్ముడు తన గుంజను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

కళ్లు మూసుకున్నాం. ప్రార్థన సృష్టి ఆరంభం నుంచి మొదలైంది. మట్టిని చేసినందుకు వందనాలు చెప్పి, ఆ మట్టితో మనిషిని చేసినందుకు ఇంకొంచెం ఎక్కువ వందనాలు చెప్పి, అక్కణ్ణుంచి మా ఇంటికి వచ్చి, అమ్మ డ్యూటీ చేసే వార్డులోని రోగుల మీదుగా రాష్ట్రాన్ని ఏలేవాళ్ల దాకా వెళ్లి, ఎండిపోయిన బోర్లను, ఉద్యోగాలు లేని పట్టభద్రులను, నీళ్ల ట్యాంకర్లవాళ్ల చేతుల్లో నలిగిపోతున్న అపార్టుమెంటువాళ్లను పలకరించి, తిరిగి కంచె దగ్గరికి వచ్చేసరికి నా మెడ మీద చెమట ఎండి ఉప్పయింది. అప్పుడు ఆయన గొంతు పెంచి అన్నారు: "ఇప్పుడు మనమందరం రెండు చేతులూ పైకెత్తి ఆయనను ఘనపరుద్దాం."

నేను కార్యదర్శిని. నేనెత్తకపోతే ఎవరెత్తుతారు? ఎత్తాను. వరసగా అందరూ ఎత్తారు. తడి కాంక్రీటులో ఏదో మెల్లగా కదిలిన చప్పుడు నాకు వినబడింది. నేను దాన్ని దైవకార్యం అనుకోలేదు, అలాగని కళ్లు తెరిచీ చూడలేదు. ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచేవాళ్ల గురించి పిల్లలకు నేనే పాఠం చెప్పి ఉన్నాను.

ఆమేన్ అని చూస్తే, ఒక గుంజ హొసకోటె వైపు, దాని పక్కది బెంగళూరు వైపు, మూలది వినయంగా అవ్వ ఇంటి వైపు వంగి ఉన్నాయి. లాగాం, తోశాం, భుజం ఆనించాం. కింద మట్టి నీటినంతా తాగేసింది, పైన ఎండ తన పని చేసింది, సిమెంటు చెప్పినట్టే తొందరగా గట్టిపడింది.

అవ్వ అరుగు మీద నుంచి చల్లగా అంది. "మీరు చేతులెత్తినప్పుడే ఒరిగినాయప్పా అవి. నేను చూస్తానే ఉంటి."

"మరి ఒక మాట చెప్పొచ్చు కదా అవ్వా."

"దేవునితో మాట్లాడతా ఉండారు. నడమ నేనెట్ల మాట్లాడేది? పాపం కదా అని సుమ్నె నోరు మూసుకోని ఉండిపోతి."

ఆ గుంజల మధ్యే అడ్డపట్టీలు దూర్చాం. చాలనిచోట గుంజను వంచాం, ఎక్కువైనచోట సుత్తితో కొట్టి బిగించాం. బిగుతుగా ఉంటే బలంగా ఉంటుందనుకున్నాం. మర్నాడు ఆరాధన నుంచి ఇంటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నపు ఎండకు ప్లాస్టిక్ సాగింది. అటూ ఇటూ పోవడానికి చోటు లేక పట్టీలన్నీ అవ్వ ఇంటి వైపు పొట్టలు ముందుకు పెట్టి నిలబడ్డాయి. అవ్వ దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "అందంగానే ఉండాదప్పా" అంది. ఆవిడ ముఖంలో నవ్వు ఉందో లేదో ఈ రోజుకీ నేను తేల్చలేకపోయాను. జూన్ వానలకు మట్టి ఉబ్బి, కింద నుంచి ఎవరో లేపుతున్నట్టు గుంజలు దిమ్మలతో సహా పైకి వచ్చాయి. కంచె కింద మేకపిల్ల పడుకుని దొర్లేంత సందు ఏర్పడింది.

విచిత్రం ఏమిటంటే, మేకలు రాలేదు. గాలికి పలకలు కిర్రుమంటున్నాయి గనుక భయపడ్డాయనుకున్నాం. తీగ బాగా సాగింది. వంగిన పట్టీ దానికి ఎక్కడానికి ఎంతో అనువుగా ఉండటంతో, పట్టీ ఎటు వంగిందో అటే పోయి, అవ్వ పెరట్లోకి దిగి, ఒక ఉదయం చూసేసరికి ఉన్న ఒకే ఒక్క పిందె అక్కడ వేసింది. మేకల కొట్టానికి మూరెడు దూరంలో. అమ్మ కంచె ఇవతల నిలబడి, అవతలున్న తన పంటను చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"వెళ్లి అడగరా."

"నేనా?"

"కంచె కట్టింది నువ్వేగా."

మా గేటు దాటి, ఆవిడ గేటు తీసి, ఆ ఇంటి గుమ్మంలో మొదటిసారి నిలబడ్డాను. గుమ్మడి పిందె గురించి, కోతపండుగ గురించి, అమ్మ గురించి చెప్పి, చివర్న మేకల గురించి నసిగాను. అవ్వ నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. మేకలన్నీ కొట్టంలో కట్టేసి ఉన్నాయి. పిందె కింద గడ్డి పరిచి, పైన గోనెపట్టా నీడ కట్టి ఉంది.

"తీగ నా పక్కకి వచ్చినప్పుడే కట్టేస్తినప్పా వాటిని. కాయ కాసే తీగని తిననిస్తామా?"

"మరి అంతకుముందు మా పక్క ఉన్నప్పుడు?"

"మీయమ్మ ఒక్కనాడన్నా వద్దనిందా? అవి తినేది, ఆయమ్మ మళ్లా పెట్టేది, అవి తినేది, మళ్లా పెట్టేది. మేకల కోసరమే పెడతా ఉండాదనుకుంటి. ఎంత మంచి మనసో అని మా వోళ్లందరికీ చెప్పినా."

'అడుగుడి మీకియ్యబడును' అనే వాక్యం మీద నేను పిల్లలకు ఎన్ని పాఠాలు చెప్పానో లెక్కలేదు. అడగాల్సినవాళ్లలో పక్కింటివాళ్లు కూడా ఉంటారని ఆ పాఠాల్లో ఎక్కడా చెప్పినట్టు గుర్తులేదు.

కోతపండుగ నాడు అమ్మ ఆ గుమ్మడికాయను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని చర్చికి తెచ్చింది. కాయ ఏమవుతుందో చూడాలని అవ్వ కూడా మాతో బస్సెక్కి వచ్చి, చివరి వరసలో కూర్చుంది. వేలంలో స్తోత్రం అంకుల్ ప్రేమకొద్దీ పాట మొదలుపెట్టారు. వెనక నుంచి అవ్వ పెంచింది. ఆయన పెంచారు, ఆవిడ ఇంకా పెంచింది. నేను వెనక్కి వెళ్లి, ఇది ఆచారమని, ఎవరు కొన్నా డబ్బు సంఘానికే పోతుందని చెవిలో చెప్పాను. "అది సరేప్పా. నా పెరట్లో కాసిన కాయని ఆ గొడుగాయన ఎట్ల ఎత్తుకుపోయేది?" అంది. చివరికి అవ్వే గెలిచింది. ఆ సాయంత్రం సగం కాయ కోసి అమ్మకు పంపింది. తన పంట తినడం అమ్మకు అదే మొదలు. కూరలో ఉప్పు తక్కువైంది, గిన్నె మాత్రం ఖాళీ అయింది.

ఇదంతా జరిగి పదేళ్ల పైమాటే. అవ్వా అమ్మా ఇప్పుడు ఆ వంగిన పట్టీ మీద మోచేతులు ఆనించుకుని గంటలు గంటలు మాట్లాడుకుంటారు. దాన్ని సరిచేస్తానని నేను రెండుమూడుసార్లు అన్నాను, ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం కంచె ముందు ఆగి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "ఎవరండీ ఇది కట్టింది?" అని అడుగుతారు.

"ఎవరో కుర్రాడు లెండి" అంటాను. "పని రాదు గానీ, మంచివాడే."