ఇదా? అదా? మామయ్య

మామయ్యకు ఏదైనా ఒక్కటి ఇచ్చి మెప్పించడం ఎవరి తరమూ కాదు. రెండు ఉండాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి "ఇదా? అదా?" అని అడిగితే తప్ప ఆయనకు ప్రపంచం ముందుకు కదలదు. కళ్లద్దాల షాపులో కూర్చుని ముప్పై ఏళ్లుగా మనుషుల ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి ఆయన ఈ ప్రశ్న ఎన్ని లక్షలసార్లు అడిగాడో లెక్క లేదు. షట్టర్ దించినా అది మాత్రం ఆయన నోట్లోంచి దిగదు. వీధి వీధంతా ఆయన్ని 'ఇదా అదా మామయ్య' అంటుంది. నిజానికి ఆయన మామయ్య అయ్యేది ఒక్క మేనకోడలికే. ఆమె ఆరేళ్లుగా ఆ షాపులోనే అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తోంది.

ఇంట్లో ఆయన ఫ్యాను వేయడం ఒక తతంగం. "ఇది మూడు... ఇది నాలుగు. ఏది బాగుంది?" అంటాడు. అత్తయ్య "మూడు" అంటుంది. "తొందరపడకు. మళ్లీ ఓసారి. ఇదా? అదా?" "నాలుగే వేయండి." "ఇందాక మూడన్నావుగా?" "ఇందాక నాకు చెమట పట్టలేదండీ. మీ ప్రశ్నలతో ఇప్పుడు పడుతోంది."

ఒకసారి ఆయనకు పన్ను నొప్పి వచ్చింది. పళ్ల డాక్టరు ఒక పన్ను మీద తట్టి "ఇదా?" అన్నాడు. పక్కదాని మీద తట్టి "అదా?" అన్నాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఆ ప్రశ్న తననే ఎవరో అడిగేసరికి మామయ్యకు ఆనందం పట్టలేదు. నొప్పి సంగతే మరిచిపోయి "మొదటిది మళ్లీ ఓసారి చూపించండి" అన్నాడు. అలా పదకొండుసార్లు తట్టించుకున్నాడు. డాక్టరు విసుగెత్తి రెండూ పీకేశాడు.

ఈ పిచ్చిలో ఇంకో పిచ్చి ఉంది. పరీక్ష మధ్యలో మామయ్య ఒక అద్దం తీసి, టక్కుమని చప్పుడు చేసి, మళ్లీ ఆ అద్దాన్నే పెడతాడు. "ఇదా? అదా?" అని అమాయకంగా అడుగుతాడు. రిటైరైన హెడ్మాస్టరు గారైతే ప్రతిసారీ గొంతు సవరించుకుని "రెండోది! సందేహమే లేదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి" అంటారు.

"మాస్టారూ, రెండూ ఒకటే అద్దం."

"అవునా! అయినా రెండోసారి మరీ బాగుందోయ్."

ఒకసారి మాస్టారు వెళ్లాక మేనకోడలు కోప్పడింది. "పెద్దాయన్ని పట్టుకుని ఆ ఆటలేమిటి మామయ్యా?"

"ఆట కాదే! కంటి నంబరు తెలియాలంటే ముందు ఆ మనిషి కనిపించింది చెబుతున్నాడో, నన్ను సంతోషపెట్టడానికి చెబుతున్నాడో తెలియాలి. సగం మంది మొహమాటంతోనే కళ్లు పాడు చేసుకుంటారు."

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పినది ముప్పై ఏళ్లలో ఒక్క అత్తయ్యే. పెళ్లికి ముందు కళ్లు చూపించుకోవడానికి వచ్చి, ఉత్తుత్తి అద్దం పెట్టగానే "రెండూ ఒకటే కదండీ, ఎవర్ని మోసం చేద్దామని?" అని గద్దించింది. మామయ్య ఆ రోజే వాళ్లింటికి పెళ్లి మాటలకు పెద్దల్ని పంపాడు. ఇద్దర్ని పంపాడు, ఎవరి మాట బాగుంటుందో తెలియక.

ఇక మేనకోడలి సంగతి. ఒక సోమవారం పొద్దున్నే ఆమెకు ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది. ఎనిమిది గంటల రైలు దూరంలో ఒక పెద్ద నగరం, అక్కడ ఏడంతస్తుల కంటి ఆసుపత్రి. అందులో కళ్లద్దాల విభాగానికంతటికీ ఆమే ఇన్‌చార్జి. శనివారంలోగా జవాబు చెప్పాలి. చదవగానే ఆమె గుండె గంతులేసింది. రెండో నిమిషంలో అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఉండేది రెండు వీధుల అవతల. నాన్న పోయినప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం తల్లీకూతుళ్లు కలిసే చేస్తారు. మామయ్య సంగతి సరేసరి, కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని షాపంతా గాలించే మనిషి. ఫ్రేము స్క్రూ కింద పడితే నేల మీద బోర్లా పడుకుని వెతకడానికి ఆమె తప్ప ఎవరున్నారు?

ఉత్తరం చేతిసంచిలో దాచి, అమ్మకు మాత్రం చెప్పింది. అమ్మ తన తమ్ముడికి చెప్పకుండా మంచినీళ్లు కూడా తాగదు. గంట తిరక్కుండా మామయ్య పరీక్ష కుర్చీ తుడిచి "ఇటు కూర్చో" అన్నాడు. ఆమె ముక్కు మీద టెస్టింగ్ ఫ్రేమ్ ఎక్కించాడు.

"మామయ్యా, ఇదేమైనా కళ్ల పరీక్షా?"

"అన్నీ కళ్ల పరీక్షలే. బోర్డు చూడు. ఇది, ఇక్కడే ఉండటం." టక్. "అది, వెళ్లడం. ఏది స్పష్టంగా ఉంది? ఇదా? అదా?"

ఆమె బోర్డు చూడలేదు, మామయ్య మొహం చూసింది. ఆయన కనుబొమలు దిగులుగా వాలినట్టు అనిపించాయి. "ఇదే. ఇక్కడే ఉంటాను" అంది. ఆయన "ఊఁ" అని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మంగళవారం మళ్లీ కూర్చోబెట్టాడు. ఈసారి కనుబొమలు ఉత్సాహంగా పైకి లేచాయి. "అదే. వెళ్తాను" అంది. బుధవారం సరిగ్గా ప్రశ్న అడగబోతూ ఆయన తుమ్మాడు. తుమ్మే మొహంలో ఏముందో తెలియక ఆమె "నీ ఇష్టం మామయ్యా" అనేసింది.

"నా ఇష్టప్రకారం నీకు అద్దాలు పెడితే గోడకు గుద్దుకుంటావే!" అని ఆయన చిందులు తొక్కాడు.

గోడకు గుద్దుకోవడం ఆమె వంతు కాలేదు గానీ, గుద్దుకునే పని మాత్రం జరిగింది. ఆ బుధవారమే ఆమె పరధ్యానంలో పడి హెడ్మాస్టరు గారి అద్దాలు వీధి చివరి టైలరమ్మ ఫ్రేములోనూ, టైలరమ్మవి మాస్టారి ఫ్రేములోనూ బిగించి ఇచ్చేసింది. ఇద్దరివీ ఒకేలాంటి గుండ్రటి ఫ్రేములు. ఆయనకు దూరం కనిపించదు, ఆవిడకు దగ్గర కనిపించదు.

శుక్రవారం షట్టర్ ఎత్తేసరికి టైలరమ్మ సిద్ధంగా ఉంది. "ఏం అద్దాలమ్మాయ్ ఇవి! సూది బెజ్జం కనపడదు. సూది కనపడదు. సూది పట్టుకున్న వేళ్లు కూడా కనపడవు! నిన్న ఒక చొక్కాకు మూడు చేతులు కుట్టాను. తీసుకెళ్లినాయన ఇందాక వేసుకుని వచ్చి, మూడోది ఎందుకమ్మా అని అడిగాడు. ఏం చెప్పమంటావు?"

మేనకోడలికి తన తప్పు తెలిసింది. పరుగెత్తుకెళ్లి మాస్టార్ని పిలుచుకొద్దామని గుమ్మం దాటేసరికి ఆయనే ఎదురొచ్చారు. నుదుటి మీద ఇంత బొప్పి.

"మాస్టారూ, అద్దాలు ఎలా ఉన్నాయండీ?"

"బ్రహ్మాండం తల్లీ! కళ్లకు ఎంత హాయిగా ఉందో" అన్నారు మాస్టారు, ఆమెతో కాదు, ఫ్రేములు తగిలించే స్టాండుతో.

"మరి ఆ బొప్పి?"

"అదా, మన వీధి దీపస్తంభం. ఈ మధ్య కాస్త ముందుకు జరిగినట్టుంది."

"కనపడటం లేదని చెప్పొచ్చు కదండీ!"

"అంత శ్రద్ధగా చేసిచ్చావు. నీ మనసు నొచ్చుకుంటుందేమోనని..." అని మాస్టారు స్టాండు తల నిమిరారు.

టైలరమ్మ పడీ పడీ నవ్వింది. మేనకోడలు అద్దాలు మార్చి బిగిస్తూ తనూ నవ్వింది గానీ, సగంలోనే ఆ నవ్వు ఆగింది. సోమవారం నుంచి తను చేస్తున్నదీ అదే. తనకేం కనిపిస్తోందో చూసుకోకుండా మామయ్య కనుబొమలు చదువుతోంది. ఆమెకు సిగ్గేసింది.

మామయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. వాళ్లిద్దరూ వెళ్లాక బల్ల మీద రెండు కవర్లు పెట్టాడు. "ఇది ఉండేవాళ్లు విప్పాల్సింది. అది వెళ్లేవాళ్లు విప్పాల్సింది. ఒక్కటే విప్పు. ఈసారి నా మొహం అడ్డం లేకుండా టీకి పోతున్నాను." చెప్పుల అరలో కుడివైపు జత, ఎడమవైపు జత కాసేపు పోల్చుకుని వెళ్లిపోయాడు.

షాపులో ఆమె ఒక్కతే మిగిలింది. ఎదురుగా అక్షరాల బోర్డు, అద్దాల పెట్టె, ఆరేళ్లుగా తన వేళ్లు ఆడిన పనిబల్ల. అవన్నీ ఆమెకు ప్రాణం. అయినా ఆ ఏడంతస్తుల భవనంలో తన పేరున్న తలుపు కళ్ల ముందు మెదిలింది. ఆలోచన పూర్తికాకముందే చెయ్యి వెళ్లేవాళ్ల కవరు చింపేసింది.

"తల్లీ, సరైనదే విప్పావు. టైలరమ్మ కూతురు సోమవారం నుంచి పనికి వస్తోంది. కింద పడ్డ స్క్రూలు వెతకడంలో దిట్ట అట. నా కళ్లద్దాలకు మీ అత్తయ్య తాడు కట్టి మెడలో వేసింది. మీ అమ్మ రేపటి నుంచి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, నా వంట బాగుందా మీ అత్తయ్యది బాగుందా చెప్పాలి కదా. ఇక నువ్వు ఎవరి మొహమూ చూసి నిర్ణయించాల్సిన పని లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. మరుక్షణం ఆరేళ్ల అనుభవం చెవిలో ఏదో గొణిగింది. రెండో కవరు కూడా చింపింది. అదే ఉత్తరం, అక్షరం పొల్లుపోకుండా. దాన్లోనూ సరైనదే విప్పావని ఉంది.

మామయ్య మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. "ఏది విప్పావు? ఇదా? అదా?"

"రెండూ ఒకటే మామయ్యా!"

మామయ్య మొహం చేటంతైంది. "మీ అత్తయ్య తర్వాత నువ్వేనే!" అని గుమ్మంలోకి వెళ్లి వీధికంతా చాటాడు. లోపలికి వచ్చాక గొంతు తగ్గించి "ముందు చెయ్యి దేని మీదికి పోయింది?" అని అడిగాడు.

ఆమె ఆయన మొహం చూడలేదు. తిన్నగా బోర్డు మీద అన్నిటికన్నా చిన్న అక్షరాల వరుస చూస్తూ చెప్పింది. "అదే. వెళ్తాను మామయ్యా. నాకు వెళ్లాలని ఉంది."

మామయ్య 'మళ్లీ ఓసారి' అనలేదు. టెస్టింగ్ ఫ్రేమ్ తుడిచి పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆయన జీవితంలో ఒకే మాటకు తేలిన పరీక్ష అదొక్కటే. అరనిమిషం తర్వాత మళ్లీ ఆ మూత తీశాడు.

"అయితే రైలు పొద్దుటిదా? మధ్యాహ్నానిదా?"

"రెండూ ఒకటే!" అంది ఆమె గెలుపు ఊపులో.

"ఈసారి కాదే పిల్లా! నిజంగానే రెండు రైళ్లున్నాయి. కూర్చో, మళ్లీ ఓసారి సరిగ్గా ఆలోచించి చెప్పు."