రాక్షసుల బొందలో చిట్టి ముంత

2015 ఫిబ్రవరి. ధర్మసాగర్ దాటాక ఒక చిన్న ఊరి శివారు మక్కచేనులో పురావస్తు తవ్వకం జరుగుతోంది. నేను అక్కడ డ్రాఫ్ట్స్‌మన్‌ని. అంటే తవ్వకంలో బయటపడిన వస్తువును కదిలించకముందే కొలిచి, ఉన్నది ఉన్నట్టు గ్రాఫ్ కాగితం మీద గీసేవాణ్ణి. ఒకసారి తీశాక ఆ వస్తువు మళ్లీ అదే చోట అలా ఉండదు కనుక, ఆ గీతే సాక్ష్యం.

చేనులో పెద్ద బండరాళ్లు మూడు వలయాలుగా పాతి ఉన్నాయి. ఊళ్లో వాటిని రాక్షసుల బొందలు, అంటే సమాధులు, అంటారు. అంతంత బండలను మనుషులు ఎత్తలేరని వాళ్ల నమ్మకం. చేను ఐలయ్యది. బోరు ఎండిపోయి మక్క మాడిపోతుంటే, ఆ రాళ్లున్న చోటే బావి తవ్వాలని జేసీబీ మాట్లాడుకున్నాడు. ఆపే అధికారం మాకు లేదు. ఒక్క వలయాన్ని తవ్వి చూసుకోనిచ్చాడు, అదే గొప్ప. మిగతా రెండూ పోతాయన్నదే నా దిగులు.

"జల్ది గీసుకోండ్రి సారూ. ఎల్లుండి బండి వస్తది" అన్నాడు ఐలయ్య.

"బావి ఆ చింతచెట్టు దిక్కు తవ్వుకోరాదే?"

"పైపు ఎంత పొడుగు గావాలె? చచ్చిన రాక్షసుల కోసం బతికున్న నేను ఎండిపోవాల్నా?"

ఆయన కష్టం అబద్ధం కాదు.

ఆ మధ్యాహ్నం వలయం నడుమ ఉన్న రాతిపలకల పెట్టె తెరిచాం. మా భాషలో దాన్ని సిస్ట్ అంటారు. లోపల పెళుసుబారిన చిన్న చిన్న ఎముకలు. పసిబిడ్డ. కాళ్ల దగ్గర రెండు కుండలు, కుడిచేతి పక్కన ఒక చిట్టి ముంత.

ఐలయ్య భార్య కొమురమ్మ మాకు చాయ్ తెచ్చి గట్టు మీద నిలబడింది. మాతో వచ్చిన విద్యార్థి ఒకడు, "ఆదిమానవుడి ఇల్లు చూడమ్మా" అని నవ్వాడు.

"ఏమంటాండు సారూ?" అని నన్నడిగింది.

చెప్పాను. రాత పుట్టకముందు బతికిన మనుషులను బడి పుస్తకాల్లో ఆదిమానవులంటారు. కొందరు గుహల్లో ఉన్నారు కాబట్టి గుహమానవులనీ అంటారు. ఇప్పుడైతే జుట్టు దువ్వుకోనివాణ్ణి, మోటుగా తినేవాణ్ణి కూడా ఆ మాటతోనే ఎగతాళి చేస్తారు. ఆకులు కట్టుకుని, గద పట్టుకున్న బొమ్మే మనకు కనిపిస్తుంది. కానీ ఈ బొందలో ఉన్నవాళ్లు ఇనుము కరిగించినవాళ్లు, చక్రం మీద కుండలు చేసినవాళ్లు. గుహలో ఉన్నవాళ్లు కారు.

ఆమె సగమే విన్నట్టుంది. గుంతలోకి వంగి చూస్తోంది.

"గా ముంత పిల్లకు చెయ్యందేటట్టు పెట్టిండ్రు" అంది మెల్లగా.

నేనూ అప్పుడే ఆ దూరం కొలిచి రాసుకున్నాను. నాలుగు వేళ్ల వెడల్పంత. ఆమె చెప్పాక ఆ అంకె వైపు ఇంకోలా చూశాను.

"మా అత్తను బొంద పెట్టినప్పుడు వక్కాకు సంచి చేతికాడనే పెట్టినం. రాక్షసులైతే బువ్వ ముంత పెడ్తరా? మన పాతోళ్లే వీళ్లు." మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యో, పాతోళ్ల మీదికెల్లి బండి తోలుతవా? చింతచెట్టు దిక్కు తవ్వు."

"పైపు నువ్వు మోస్తవా?"

"ఇన్నేండ్ల సంది నిన్నే మోస్తాన. పైపెంత?"

మేమందరం నవ్వాం. ఐలయ్య నవ్వలేదు. తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

జేసీబీ చెప్పినట్టే వచ్చింది. రాళ్ల దగ్గర ఆగింది. ఐలయ్య గుంత దాకా నడిచి వెళ్లి, ముంతను ఒకసారి చూసి, డ్రైవర్‌కు చింతచెట్టు వైపు చెయ్యి ఊపాడు. బావిలో నీళ్లు పడ్డాయని తర్వాత తెలిసి, మొక్కు తీరినవాడిలా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఏడు పెత్రమాస నాడు, నేను గీసిన బొమ్మ నకలు ఇద్దామని వాళ్ల చేనుకు వెళ్లాను. పెద్దలకు బువ్వ పెట్టే అమావాస్య అది. చేనులోని రాళ్ల మీద మోదుగాకులో అన్నం, తోటకూర పెట్టి ఉన్నాయి.

"ఏం పేరు చెప్పి పెట్టినవమ్మా?" అని కొమురమ్మను అడిగాను.

"పేరెట్ల తెలుస్తది సారూ? పాతోళ్లకు అన్న."

వృత్తిలో నేను గీసిన బొమ్మల కింద ఇనుపయుగం లాంటి పెద్ద పెద్ద మాటలు చాలా రాశాను. అవి కాలాన్ని చెబుతాయి, అవసరమే. ఎవరి కాలమో మాత్రం కొమురమ్మ చెప్పింది. ఆమెకు నేను రుణపడి ఉన్నాను. ఏటా పెత్రమాసకు ఒక్కో పిడికెడు బియ్యం తీసి పెడుతూ మా నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెబుతాను. అక్కడితో నాకు తెలిసిన పేర్లు అయిపోతాయి. ఆ తర్వాత ఇంకో పిడికెడు బియ్యం తీసి, "పాతోళ్లకు" అంటాను.