తగ్గని పదివేల ఏడు

గుడివాడ బజారులో నన్ను మించి బేరమాడేవాళ్లు లేరు. అలాంటి నేను ఎనిమిదో తరగతి సెలవుల్లో ఒక సంఖ్యతో బేరానికి కూర్చుని సైకిలు పోగొట్టుకున్నాను. మొన్న చీర కొన్నప్పుడు బిల్లు మీద 10007 అనే నంబరు చూడగానే ఆ వేసవి గుర్తొచ్చింది.

మా ఇంట్లో ఉండి చదువుకునే మేనత్త కొడుక్కీ నాకూ కలిపి ఒకటే సైకిలు.

“పదివేల ఏడుని ఒకటీ, అదీ తప్ప ఏదీ శేషం లేకుండా భాగించదే. భాగించేది చూపిస్తే సెలవులన్నీ సైకిలు నీది. చూపించేదాకా నాది” అన్నాడు.

“తగ్గని సరుకుంటుందా బావా?” అన్నాను. గట్టిగా అడిగితే ఏ సంఖ్యయినా దిగొస్తుందని నా నమ్మకం.

నాన్న కొట్టులో ఎండుమిరప ఘాటుకి తుమ్ముతూ, పాత చిట్టాల వెనక రెండు నుంచి మొదలుపెట్టి వరసగా భాగించాను. ఆరు వందల అరవై ఏడు దగ్గర రెండే మిగిలింది.

“ఆ రెండూ వదిలెయ్ బావా.”

“వదిలెయ్యడానికి ఇదేమన్నా మావయ్య కొట్టుటే?”

బడి తెరిచేనాటికి తొమ్మిది వందల పదమూడు దాకా వచ్చాను. అప్పుడు చెప్పాడు: “రెండు సంఖ్యల్ని గుణిస్తే అది రావాలంటే, చిన్నది వంద దాటదే. వందలోపు ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు.”

“ముందే చెప్పొచ్చుగా?”

“చెప్తే నాకు సైకిలెక్కడిది?”

చేయాల్సిన భాగహారాలు ఇరవై అయిదు. చేసినవి తొమ్మిది వందల పన్నెండు. మిగతా ఎనిమిది వందల ఎనభై ఏడూ, ఆ వేసవి సైకిలూ నా మొండితనం కిందే రాసుకోవాలి.