సీటు కింద మిరపకాయల మూట

ఈ అరబ్బు దేశంలో, మహబూలాలో మా బిల్డింగ్ కింద, పార్కింగ్‌లో, విజయవాడ ఇంజనీరొకాయన తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి కొత్త కవరు తొడుగుతుంటే, ఆ రబ్బరు వాసనా కలరా ఉండల వాసనా కలిసి నా ముక్కుకెక్కాయి. పని మీద హైదరాబాద్ వెళ్లి చలికాలం దాటాక వస్తాడట, అంతవరకూ బండి భద్రంగా ఉండాలట. మంచు కురిసే దేశాలవాళ్లు రాసుకున్న జాగ్రత్తలన్నీ ఫోన్‌లో చదివి నాకు వినిపించాడు. ఆ పాఠం నాకు ఎనిమిదేళ్లకే వచ్చయ్యా అనబోయి మింగాను. నేను మాటలు మింగే మనిషిని కాను, మా స్కూల్లో తోటి టీచర్లనడగండి.

బాల్యం అనగానే బెల్లం నాకినట్టు మొహం పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. నా బాల్యం ఈ దేశంలోనే, సల్వాలో, ఒక విల్లా గ్యారేజీని ఆనుకున్న గదిలో గడిచింది. మాది కడప వైపు. నాయన ఆ ఇంటి డ్రైవరు, అమ్మ వంటమనిషి, ఇద్దరి ఇఖామాలూ, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కాగితాలు, ఆ ఇంటి యజమాని చేతిలోనే. నన్నూ ఉండనివ్వడం ఇంటావిడ దయ. ఆవిడని మేమంతా మామా అనేవాళ్లం. ఆ దయని నేను మర్చిపోతానేమోనని రోజుకి రెండుసార్లు ఎవరో ఒకరు గుర్తు చేసేవారు.

మామా పెద్దకొడుకు లండన్‌లో చదివేవాడు. ఎండాకాలం సెలవులకొచ్చి ఎర్ర స్పోర్ట్స్ కారులో ఊరంతా అదరగొట్టి, సెప్టెంబర్‌లో విమానమెక్కేవాడు. ఇక జూన్ దాకా ఆ కారు నాయన ప్రాణం. కడిగి, మైనం రుద్ది, పెట్రోలు నిండా పోయించి, బ్యాటరీ విప్పి మా మంచం కిందకి చేర్చి, టైర్లు ఒకేచోట అణగకుండా చెక్కదిమ్మెల మీద బండినెత్తి, పొగగొట్టంలో పాతగుడ్డ కుక్కి, పైన ఒకటికి రెండు కవర్లు కప్పి, కట్టిన తాళ్లని పసిబిడ్డ మొలతాడు సవరించినట్టు సవరించేవాడు. నన్ను అందులో ఒక్కసారి కూర్చోనిచ్చాడా? ముట్టుకుంటేనే చెయ్యి విసిరికొట్టేవాడు.

"దీనికి స్వెట్టర్‌కి గతిల్యా, దానికి రెండు దుప్పట్లు గప్పినావు," అనేది అమ్మ నన్ను చూపించి, పొయ్యి మీద సంగటి కెలుకుతూ.

"అది పాడైతే ముగ్గురం ఇమానమెక్కాల్సిందే. నోరుమూసుకోని గెలుకు," అనేవాడు నాయన.

చలికాలపు తొలివాన పడి దుమ్ము వాసన లేచేసరికి గ్యారేజీ నేల మంచుగడ్డలా ఉండేది. ఆ నేల మీదే సుద్దతో గళ్లు గీసి, మామా కూతుళ్లిద్దరితో తొక్కుడు బిళ్ల ఆడుతూ, మా అమ్మానాన్నలకు ఏళ్లు గడిచినా రాని అరబ్బీ నేను రెండు చలికాలాల్లో నేర్చేసుకున్నాను. ఆట మధ్యలో వాళ్లకి కుంకుమపువ్వూ యాలకులూ వేసిన పాలొచ్చేవి, నాకు వాళ్ల కప్పులొచ్చేవి, కడగడానికి. అదే చలికి బయటి మట్టిదిబ్బల నుంచి ఎలుకలొచ్చేవి. ఒక ఏడాది పక్క విల్లాలో కారు వైర్లన్నీ కొరికేశాయని తెలిసి నాయనకి జ్వరమొచ్చినంత పనైంది.

"మనూర్లో శెనక్కాయలకి కడ్తారు సూడు, అట్లా రెండు మూటలు గట్టియ్యి," అన్నాడు అమ్మతో. నేను అక్కడే కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నాను. అమ్మ పసుపంటిన పాతచీర చింపి, ఊరినుంచి తెచ్చుకున్న ఎండు వేపాకూ మిరపకాయలూ పోసి, మూడు ముళ్లేసిచ్చింది. నాయనే తన చేత్తో సీట్ల కింద దోపాడు. ఆ చలికాలం ఒక్క వైరు తెగలేదు.

జూన్‌లో నాయన కవర్లు విప్పి బండి దించాడు గాని, మూటల మాట మరిచాడు. మామా కొడుకు స్నేహితులతో వచ్చాడు. తలుపేసుకుని ఏసీ పెట్టాడో లేదో, తుమ్ములు, దగ్గు, కళ్లెంట నీళ్లు. కిందకి దూకి సీటు కింద చెయ్యిపెట్టి తడిమితే పచ్చటి మూట. "సిహ్ర్! సిహ్ర్!" అని అరిచాడు. చేతబడి అని. ఈ దేశంలో పనివాళ్ల మీద అంతకు మించిన నింద లేదు. అమ్మ తనకొచ్చిన ఒకే ఒక్క ముక్క, ఎలుక అని, "ఫార్, మామా, ఫార్" అంటూనే ఉంది. ముడులేసిన పసుపు గుడ్డని చూశాక ఆ మాట ఎవరు వింటారు?

మామా నాయన వైపు తిరిగింది. "ఆనా మాఫీ మాలూమ్," అన్నాడు, నాకేమీ తెలియదని. అనేసి దిమ్మెల వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు మామా నా గడ్డం పట్టి, "నువ్వు చెప్పు, మీ నాన్నకి తెలుసా?" అంది.

అమ్మ నేలచూపులు చూస్తూ తెలుగులో అంది: "తెల్దని చెప్పు పాపా. ఇద్దురం పోతే ఏం తింటాం?"

తెలియదని చెప్పాను, శుద్ధమైన అరబ్బీలో. మామా నా తల నిమిరి, "ఖలాస్," అంది, ఇక అయిపోయిందని. మూడో రోజుకి అమ్మా నేనూ విమానంలో ఉన్నాం. నాయన ఆ కారుని ఇంకా చాలా చలికాలాలు కాపాడాడు. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను, కాదనను. కాని నాకు పెళ్లయ్యేదాకా మా ఇంట్లో రెండేళ్లకొకసారి నెలరోజులు కనిపించే మొగమనిషి నాకు అలవాటు కాలేదు.

డిగ్రీ చదివి, నా సొంత ఇఖామాతో ఈ దేశానికి తిరిగొచ్చాక సల్వా వెళ్లి చూశాను. విల్లా లేదు, గ్యారేజీ లేదు, మేమున్న గది ఉన్నచోట లిఫ్టు ఉంది. అమ్మా లేదు, పోయి రెండేళ్లు. ఊళ్లో నాయన మాత్రం అరుగు మీద కూర్చుని, ఆ కారు మీద ఒక్క గీత పడనివ్వలేదని వచ్చేపోయేవాళ్లకి చెప్పుకుంటాడట.

మొన్న పార్కింగ్‌ నుంచి పైకొచ్చి ఫోన్ చేశాను. "మూట గట్టమన్నది నువ్వే గదా నాయనా. ఒక్కసారి ఒప్పుకో," అన్నాను.

చాలా మెత్తగా, "నాకు తెల్దని ఆ పొద్దు నువ్వే గదా పాపా చెప్తివి," అన్నాడు.